పదిహేడో సీసా

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. మా అత్తయ్య వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉండేది. మా అమ్మాయి కుర్చీలో కూర్చున్నా మోకాలు ఆడిస్తూ ఉండేది. నేను బడి నుంచి వచ్చి, సంచి దింపి, చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేవాణ్ని. వెళ్ళడానికి పని ఉండేది కాదు. తిరిగి రావడానికీ ఉండేది కాదు.

ఇంట్లో కదలకుండా ఉన్నవి వెనకగదిలోని కప్పలే. నలభై రెండు సీసాల్లో నలభై రెండు గోదురుకప్పలు, స్పిరిట్‌లో మునిగి, చేతులు ముడుచుకుని.

వాటిని నా భార్య తెప్పించుకుంది. జంతువుల మ్యూజియంలో ఆమె ఉద్యోగం. వచ్చిన ప్రాణి ఏదో తేల్చి, కాలికి చీటీ కట్టి, సీసాలో భద్రపరచడం ఆమె పని. ఒంట్లో బాగుండక మ్యూజియానికి వెళ్ళలేకపోయిన రోజుల్లో, పని ఆగకూడదని సీసాలను ఇంటికి రప్పించింది. ఎండాకాలం మధ్యలో ఆమె పోయింది. సీసాలు ఉండిపోయాయి. వానలు వెనకబట్టేలోగా వాటిని తిరిగి అప్పగించాలని మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది.

గోదురుకప్పను చూడనివాళ్ళు ఉండరు. ఒంటినిండా పొక్కులు, పొక్కు కొసన నల్లచుక్క, కంటిమీద నల్లటి గట్టు, కంటి వెనక ఉబ్బిన విషపు సంచి. మొదటి వాన పడగానే మెట్లకింద నుంచి, నీళ్ళతొట్టి పక్కనుంచి బయటికొస్తుంది. జనం చీపురుతో అవతలికి నెడతారు. అందులో ఏముందని ఇన్నేళ్ళు చూస్తావని ఒకసారి అడిగాను.

"మీరు మాత్రం? అవే యాభై ఆరు అక్షరాలు ముప్పై ఏళ్ళుగా నేర్పట్లేదూ?" అంది.

మా అమ్మాయి చిన్నప్పుడు శాస్త్రవేత్తలు ఆ కప్ప పేరులో మొదటి సగం మార్చేశారు. పాత ప్రజాతిలోంచి తీసి కొత్తదాంట్లో వేశారు. రెండో సగం, మెలనోస్టిక్టస్, అంటే నల్లచుక్కలది, అలాగే ఉంచారు. "ఇంటిపేరు మారిందంటే దానికి పెళ్ళయిందా అమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. నా భార్య కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత నావైపు తిరిగి, అదంతా ఒకే జాతి కాదనీ, ఒకే పేరు కింద నాలుగైదు దాక్కున్నాయనీ తన అనుమానమని చెప్పింది. కొండమీది కప్పలకు సంచి సన్నంగా ఉంటుందట. అవి మొదటినుంచీ అక్కడివా, కిందినుంచి మనుషులతోపాటు ఎక్కినవా తేలాలంటే, కొండకు రోడ్డు పడకముందు పట్టిన కప్ప కావాలట. నేను పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. "కావాలి" అన్నదాకా విన్నాను. తర్వాత ఏం చెప్పిందో వినలేదు.

ఆమె పోయిన రెండో వారం నుంచి సాయంత్రాలు వెనకగదిలో గడపడం మొదలుపెట్టాను. ప్రతి సీసాలో కప్ప కాలికి దారంతో కట్టిన చిన్న చీటీ ఉంది. నంబరు, చోటు, ఎత్తు, తేదీ, అన్నీ ఆమె పెన్సిల్ రాతలో. కొన్ని మసకబారాయి. ఇలా అప్పగిస్తే బాగుండదని నాకు నేను చెప్పుకున్నాను. తెల్లటి దళసరి కాగితం కత్తిరించి, గుండ్రటి అక్షరాలతో అన్నీ మళ్ళీ రాసి కట్టాను. రోజుకు రెండు, ఒక్కోరోజు మూడు. పాత చీటీలను హాజరు పట్టీ పేజీల మధ్య ఆరబెట్టి, ఖాళీ సుద్దముక్కల డబ్బాలో పెట్టి, బడిలో నా బీరువాలో దాచాను. నిజం చెప్పాలంటే నాకు కావలసింది ఆ పాత చీటీలే. ఆమె చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు. పాలవాడి లెక్క కూడా నేనే రాసేవాణ్ని.

రాసింది రాసినట్టే ఎక్కించాను, ఒక్కటి తప్ప. పదిహేడో నంబరు, కొండ శిఖరం. దానిమీద ఉన్నది రోడ్డు పడకముందు వానాకాలం తేదీ. ఆ వానాకాలం నా భార్యకు ఐదో నెల. మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాలు వాళ్ళమ్మ దగ్గర ఉండొస్తానంటే నేనే బస్సెక్కించాను. కొండకు అప్పట్లో కాలిబాట తప్ప దారి లేదు. రోడ్డు పడ్డాక, పాపకు ఏడాదిన్నర ఉన్నప్పుడు, మ్యూజియం జీపులో ఆమె కొండకు వెళ్ళడం నాకు తెలుసు. ఏడాది తప్పు వేసిందనుకున్నాను. పిల్లల రాతల్లో రోజూ చూసే పొరపాటే. రెండేళ్ళు కలిపి దిద్దాను.

*

"నాన్నా, నాకు పని దొరికింది. సోమవారం వెళ్ళాలి" అంది మా అమ్మాయి ఒక సాయంత్రం, భోజనాల దగ్గర. జంతుశాస్త్రంలో డిగ్రీ ఆ వేసవిలోనే పూర్తిచేసింది. చివరి పరీక్షకూ తల్లి చావుకూ మధ్య తొమ్మిది రోజులు.

"ఏం పని?"

"కొండమీద కప్పలు ఏరడం."

"బావుందే" అంది మా అత్తయ్య. "మీ అమ్మేమో పట్టి తెచ్చింది. నువ్వు ఏరిపారెయ్యి. ఇల్లంతా కప్పల మీదే బతుకుతోంది."

"నవ్వకు అమ్మమ్మా. అక్కడి వాగుల్లో చిటికెనవేలంత కప్పలుండేవి. ఇప్పుడు కనబడట్లేదు. ఈ గోదురుకప్పలు రోడ్డు పడ్డాక ఇసుక లారీల్లో, మొక్కల కుండీల్లో పైకెక్కాయి. ఇవెక్కడికైనా ఎక్కేస్తాయి. ఓడల్లో సరుకు పెట్టెల్లో దూరి, సముద్రం దాటి దీవుల్లో కూడా దిగాయి. అక్కడి పాములకి వీటి విషం తెలీదు. మింగి చస్తున్నాయి."

"ఇక్కడి పాములకి ఎవరు చెప్పారట?" అంది అత్తయ్య.

"మీ అమ్మ అలా అనుకోలేదు" అన్నాను నేను.

మోకాలు ఆడించడం ఆపింది. "నాకు తెలుసు నాన్నా. అందుకే ఒప్పుకునే ముందు వెనకగదిలో చీటీలన్నీ చూశాను. రోడ్డు పడకముందుది ఒక్కటున్నా వెళ్ళేదాన్ని కాదు. కొండ శిఖరంది ఒకటే ఉంది, పదిహేడు. అదీ రోడ్డు పడ్డాకదే. అమ్మది అనుమానం. అనుమానంతో ఏం చేస్తాం?"

నేను పళ్ళెంలోకి చూశాను. దిద్దినమాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ నేను దిద్దింది తప్పును. తప్పు దిద్దినందుకు ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ సంజాయిషీ ఇచ్చుకోలేదు.

"గొడుగు పట్టుకెళ్ళు" అన్నాను.

*

ఆదివారాలు వచ్చేది. బట్టలు తడి, గోళ్ళలో మన్ను. వచ్చిన గంటకే మళ్ళీ సంచి సర్దడం మొదలుపెట్టేది. వాళ్ళ బృందం కొండ మొదలునుంచి పైకి, ఒక్కో వాగే గాలించుకుంటూ పోతోంది. పట్టిన కప్పల్ని చల్లటి పెట్టెలో పెడతారట. చలికి నిద్రలోకి జారుకున్నాక ఇంకా చల్లటి పెట్టెలోకి మారుస్తారట.

"నొప్పి తెలీదంటారు" అంది.

"ఎవరు?"

"పెట్టెలో పెట్టేవాళ్ళు."

మూడో ఆదివారం తనంతట తనే అంది: "పైకి పోయేకొద్దీ కప్పలకి విషపు సంచి సన్నంగా ఉంటోంది నాన్నా. అమ్మ చెప్పినట్టే."

"మరి?"

"చలికి అలా అవుతాయంటున్నారు మా సార్."

"నువ్వేమంటావు?"

"నేను ఏరుతున్నాను" అంది. సంచి జిప్పు ఒక్కసారిగా లాగింది.

ఆ రాత్రి వాన కురిసింది. తెల్లవారి చూస్తే మా పెరటి గుంటలో నల్లపూసల దండల్లా జంట దారాలు, గోదురుకప్ప గుడ్లు. అత్తయ్య చీపురు తెచ్చింది, కాసేపు నిలబడింది, తిరిగి తీసుకెళ్ళిపోయింది.

*

నాలుగో శనివారం మధ్యాహ్నం సీసాలాయన వచ్చాడు. మ్యూజియంలో ఆయన పనే అది. ఏ సీసాలో స్పిరిట్ తగ్గిందో చూసి నింపడం. మా ఆవిడ దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశాడు. సైకిల్ మీద డబ్బా కట్టుకుని వచ్చి, "టీ తర్వాత, ముందు పిల్లల్ని చూస్తా" అంటూ వెనకగదిలోకి వెళ్ళాడు. ఆయన దృష్టిలో కప్పలు పిల్లలు.

కాసేపటికి అక్కడినుంచే పిలిచాడు.

"మాస్టారూ! పిల్లలు ఇంకు తాగారా?"

వెళ్ళాను. రోజూ ఆ గదిలోకి వెళుతున్నా నేను సరిగ్గా చూడలేదు. మొదట రాసిన సీసాల్లో స్పిరిట్ లేత నీలంగా మారింది. కప్పలు ఆకాశంలో తేలుతున్నట్టున్నాయి. చీటీల మీద నా గుండ్రటి అక్షరాలు అంచులు చెదిరి పాకుతున్నాయి.

"పెన్నుతో రాశారా?"

"మంచి పెన్నే."

"అయ్యో మాస్టారూ. స్పిరిట్‌లో పెన్సిలే నిలుస్తుంది. పెన్ను కరుగుతుంది. నేను చేరిన రోజే మేడమ్ నాకు చెప్పిన మొదటి మాట అది." గొంతు తగ్గించాడు. "పాత చీటీలు పారేశారా?"

"లేదు. దాచుకున్నాను."

నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తువ్వాలు భుజం మీంచి తీసి, సీసా తర్వాత సీసా తుడుస్తూ, చెదిరిన అక్షరాలు కూడబలుక్కుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగాడు.

"పదిహేడు తప్పుపడింది. ఏడాది ఇది కాదు."

"అదే సరైనది. ఆవిడ రాసింది నేను దిద్దాను."

"లేదండీ. నేను ఉద్యోగంలో చేరిన రోజు నాచేత మొదటిసారి స్పిరిట్ పోయించిన సీసా ఇదే. అప్పటికి కొండరోడ్డుకి కంకర కూడా తోలలేదు. మా అన్నయ్య ఆ కంకర పనికే వెళ్ళాడు, మరుసటేడు."

"ఎలా కుదురుతుంది? ఆ వానాకాలం ఆవిడ కడుపుతో ఉంది. మెట్లు ఎక్కడానికే లేదు. వాళ్ళమ్మ దగ్గర..."

"వెళ్ళింది" అంది అత్తయ్య.

గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉంది.

"మా ఊరు కొండ కిందేగా, నేనే అన్నం మూటకట్టిచ్చాను. కట్టెలకెళ్ళే ఆడవాళ్ళతో పొద్దున్నే బయల్దేరింది. మర్నాడు సాయంత్రానికి వచ్చింది. కాళ్ళు ఇంతింత వాచాయి. చేతిసంచిలో కప్ప." గ్లాసులు కిటికీ గట్టుమీద పెట్టింది. "టీ చల్లారిపోతుంది, తాగండి."

సీసాలాయన తాగాడు. నేను గడియారం చూశాను. సోమవారం నుంచి శిఖరం మీదికి వెళతామని మా అమ్మాయి చెప్పింది. చెప్పులు తొడుక్కుని బడికి వెళ్ళాను. ఆ వానాకాలంలో నాకు వెళ్ళవలసిన పని ఉన్నది ఆ ఒక్కసారే. కాపలాదారును లేపి, తాళం తీయించి, సుద్దముక్కల డబ్బా తెచ్చుకున్నాను.

*

మర్నాడు ఉదయం బస్సు మూడు గంటలు కొండ ఎక్కింది. కొండమీద ఫోను అందదు, అమ్మాయి వచ్చేదాకా ఆగాలనిపించలేదు. ఒళ్ళో గుడ్డలో చుట్టిన సీసా, జేబులో డబ్బా.

"పచ్చడా మాస్టారూ?" అన్నాడు కండక్టరు.

"కాదు."

"మరి?"

"మా ఇంట్లోవాళ్ళది" అన్నాను. ఆయనకేం అర్థమైందో, పక్క సీటు ఖాళీగా ఉంచాడు.

ఆ ఆదివారం మా అమ్మాయి ఇంటికి బయల్దేరనేలేదు. శిఖరం పని సోమవారం బదులు ఆ ఉదయమే మొదలుపెట్టారట. రేకుల షెడ్డు బయట మోకాళ్ళ మీద కూర్చుని పొడవాటి చేతితొడుగులు కడుక్కుంటోంది. నన్ను చూసి లేచింది.

"అమ్మమ్మకేమైనా..."

"బాగుంది. నువ్వు కూర్చో."

ఇద్దరం కూర్చోలేదు. నేను చెప్పాలనుకున్న వాక్యాలు బస్సులో వరసగా పేర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. డబ్బా మూత తీసి, పైనే పెట్టుకున్న పదిహేడో చీటీ ఆమె చేతిలో పెట్టాను. తల్లి చేతిరాత చూడగానే ముఖం మారింది. ఆ తర్వాత చదివింది. సీసాలోని నా చీటీ చూసింది. మళ్ళీ చదివింది.

"ఏడాది ఎవరు మార్చారు?"

"నేను."

"ఎందుకు?"

"తప్పనుకున్నాను. అప్పుడు మీ అమ్మకి ఐదో నెల. ఇక్కడికి వచ్చినట్టు నాకు చెప్పలేదు."

కొండమీద గాలి. షెడ్డు రేకులు టపటపలాడుతున్నాయి. ఆమె వేళ్ళమీద నెలలు లెక్కపెట్టుకుంది, చిన్నపిల్లలా.

"అయితే నేనూ వచ్చాను ఇక్కడికి" అంది.

"వచ్చావు."

"అందుకేనా అమ్మ నన్ను తోకకప్పా అని పిలిచేది?"

 ఉద్యోగం వల్ల అలా పిలుస్తోందని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

చీటీని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేసింది. అప్పుడు నావైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోవాలనుకోను.

"మూడు వందల పన్నెండు ఏరాను నాన్నా."

నేను తల వంచుకున్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే, ఏదో ఒకటి చెప్పవలసిన భారం తనమీద పడుతుంది.

ఆమె సీసా, డబ్బా తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. లోపల మగగొంతు ఒకటి లేచింది, ఆమె గొంతు దానిమీద లేచింది. "ఒక్క కప్ప కోసమా!" అన్నది వినబడింది. "రోడ్డుకి ముందుది ఒక్కటుంటే చాలన్నది మీరే కదా సార్!" అన్నది కూడా. బయటికి వచ్చేసరికి చేతుల్లో చల్లటి పెట్టె ఉంది. ఆ ఉదయం పట్టినవి, ఇంకా రెండో పెట్టెలోకి మార్చనివి. ఎండ పడుతున్న బండ మీద ఒక్కొక్కటిగా పెట్టింది. తొమ్మిది. రాళ్ళలా ఉన్నాయి.

"పోయాయా?"

"చూడాలి."

ఇద్దరం బండ పక్కన కూర్చున్నాం. ఎంతసేపో చెప్పలేను. ముందు ఒకదాని గొంతుకింద చర్మం కదిలింది. తర్వాత ఇంకోటి కాలు చాచింది. పొక్కులమీద తడి ఆరుతూ నల్లచుక్కలు తేలాయి. ఎనిమిది బండ దిగి గడ్డిలోకి వెళ్ళాయి, గెంతకుండా, ముసలివాళ్ళలా నడుచుకుంటూ. తొమ్మిదోది కదల్లేదు. చివరి బస్సు వేళ దాకా చూశాం.

*

శిఖరం మీద పని ఆపారు. ఆ వానాకాలానికి మాత్రమే ఆపారు, తేల్చలేదు. ఏరినవాటిలో కొన్నింటిని మ్యూజియానికి పంపారు, విషపు సంచులు కొలవడానికి, కణజాలం పరీక్షించడానికి. వాగుల్లో చిన్న కప్పలు ఎందుకు మాయమయ్యాయో ఎవరికీ తెలియదు. మా అమ్మాయి ఇంటికి వచ్చేసింది. వారం రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది. ఎనిమిదో రోజు వెనకగది తలుపు తీసి, "దారం ఎక్కడుంది?" అని అడిగింది.

సీసాలాయన కూడా ఉన్నాడు. నీలం స్పిరిట్ పారబోసి కొత్తది పోస్తున్నాడు. నేను డబ్బాలోంచి చీటీలు నంబరు ప్రకారం తీసి ఇస్తుంటే, మా అమ్మాయి కప్పల కాళ్ళకు కడుతోంది. నలభై రెండు. ఒక్కో చీటీ ఇచ్చేముందు ఒకసారి చూసుకునేవాణ్ని. ఆమె తొందరపెట్టలేదు.

నేను రాసిన చీటీలు చెత్తబుట్టలో వెయ్యబోయాను.

"వద్దు మాస్టారూ" అన్నాడు సీసాలాయన. "సీసాలోకి వెళ్ళింది బయటికి రాకూడదు. తప్పు చీటీ కూడా అందులోనే ఉండాలి. ఇంకు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, పెన్సిల్‌తో అవే అక్షరాలు దానిమీద రాసి వెయ్యండి. పదిహేడుకి మాత్రం మూడోది కావాలి. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రాసి పెట్టాలి. రేపు ఇంకెవరైనా చూస్తే తెలియాలిగా."

అత్తయ్య గుమ్మంలో నిలబడి మావైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగాను.

"నాతో ఎందుకు చెప్పొద్దంది అత్తయ్యా? భయపడతాననా?"

"భయమేంటి నాయనా." ఆమె తలుపు గొళ్ళెం అటూ ఇటూ తిప్పింది. "పిల్ల పుట్టాక నేనే అన్నాను, ఇప్పుడైనా చెప్పవే అని. 'చెబితే దిద్దుతారమ్మా, ఇదొక్కటి నేను రాసింది రాసినట్టు ఉండనీ' అంది. నవ్వుతూనే అందిలే."

 సీసాలాయన ఒక మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

మా అమ్మాయి పెన్సిల్ చెక్కి నాకు ఇచ్చింది. నేను కాగితం ముక్క ముందు పెట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు వాక్యం ఎలా రాయాలో చెప్పినవాణ్ని. చాలాసేపటికి రాశాను.

*పదిహేడు. ఏడాది మార్చింది నేను, ఈమె భర్తను. ఈమె కొండ ఎక్కినట్టు నాకు తెలియదు. ఈమె రాసిందే సరి.*

మా అమ్మాయి తీసుకుని చదివింది. కట్టడానికి దారం అందుకుని ఆగింది. కాగితం తిరిగి నా ముందు పెట్టింది.

"తేదీ వెయ్యలేదు నాన్నా."

వేశాను.